కన్సోల్ వీడియోగేమ్ సమీక్షలు - రేటింగుల విధానం: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

కన్సోల్ వీడియోగేమ్ సమీక్ష సాధారణంగా ఒక అంకెతో ముగుస్తుంది. ఆ అంకె విమర్శకుని వ్యాసం నుంచి విడిపోయి, ఇతర అంకెలతో కలిసి సగటుగా మారి, కొనుగోలుదారుల నిర్ణయాన్నీ నిర్మాణసంస్థల ఆదాయాన్నీ ప్రభావితం చేస్తోంది. జపాన్, బ్రిటన్, అమెరికా దేశాలలో ఈ రేటింగుల పద్ధతి ఏర్పడిన క్రమాన్ని, అది పనిచేసే తీరును, దానివల్ల తలెత్తిన వివాదాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ప్రతి స్కోరు వెనుక ఒక వ్యక్తి, ఒక సమయం, ఒక యంత్రం ఉంటాయని, సగటు తీసే ప్రక్రియలో ఈ మూడూ కనుమరుగవుతాయని వివరించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: వీడియోగేమ్ విమర్శ, సమీక్ష, రేటింగ్, కన్సోల్, ఫామిట్సు, మెటాక్రిటిక్, సగటు స్కోరు.

1. ప్రవేశిక

కళావస్తువుకు మార్కులు వేయడం తెలుగు పాఠకులకు కొత్త విషయం కాదు. కొత్త సినిమా విడుదలైన రోజు మధ్యాహ్నానికే అంతర్జాలంలో సమీక్షలు వస్తాయి. కథ, నటీనటులు, సాంకేతిక వర్గం, ప్లస్ పాయింట్లు, మైనస్ పాయింట్లు అన్నీ చెప్పిన తరువాత చివర 2.75/5 అనో 3.25/5 అనో ఒక రేటింగ్ కనిపిస్తుంది. చాలామంది పాఠకులు ముందుగా చూసేది ఆ చివరి పంక్తినే. పావు మార్కు తేడా మీద కూడా చర్చలు జరుగుతాయి.

కన్సోల్ వీడియోగేమ్‌ల రంగంలో ఈ అలవాటు మరింత బలంగా పాతుకుపోయింది. అందుకు ఆర్థిక కారణం ఉంది. సినిమా టికెట్టుతో పోలిస్తే గేమ్ ధర చాలా ఎక్కువ. అమెరికాలో పెద్ద సంస్థల కొత్త గేమ్ ధర చాలాకాలం 60 డాలర్ల దగ్గర ఉండి, 2020 నుంచి 70 డాలర్లకు చేరింది. ప్లేస్టేషన్ 5 తొలి గేమ్‌లలో కొన్నింటికి సోనీ సంస్థ భారతదేశంలో నిర్ణయించిన ధర 4,999 రూపాయలు. ఇంత ధర పెట్టి కొనబోయే వస్తువు పనితనం కొనకముందు తెలిసే మార్గం లేనప్పుడు, ముందుగా ఆడి చూసినవారి మాట మీద ఆధారపడక తప్పదు. ఆ మాటకు సంక్షిప్త రూపమే రేటింగ్.

అయితే సంక్షిప్తం చేసేటప్పుడు ఏది మిగులుతుంది, ఏది జారిపోతుంది అన్నది విమర్శరంగానికి సంబంధించిన మౌలికమైన ప్రశ్న. గేమ్ సమీక్ష చరిత్ర ఈ ప్రశ్నకు స్పష్టమైన ఉదాహరణలను అందిస్తుంది.

2. రేటింగ్ - పదం అర్థపరిధి

వీడియోగేమ్‌ల విషయంలో రేటింగ్ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. మొదటిది వయోపరిమితిని సూచించే రేటింగ్. అమెరికాలో 1994లో ఏర్పడిన ఈఎస్ఆర్‌బీ, జపాన్‌లో 2002లో ఏర్పడిన సీరో, ఐరోపాలో 2003 నుంచి అమలవుతున్న పెగీ వ్యవస్థలు గేమ్‌లో హింస, అశ్లీలత వంటి అంశాల తీవ్రతను బట్టి అది ఏ వయసువారికి తగినదో నిర్ణయిస్తాయి. వీటికి గేమ్ బాగుందా లేదా అన్న విషయంతో సంబంధం లేదు. మన చలనచిత్రాలకు సెన్సార్ బోర్డు ఇచ్చే ధ్రువపత్రం వంటివే ఇవి.

రెండవది విమర్శకుడు గేమ్ గుణాన్ని అంచనా వేసి ఇచ్చే రేటింగ్. ఈ వ్యాసం పరిధి దీనికే పరిమితం.

తెలుగులో సమీక్షకూ విమర్శకూ మధ్య కొంత భేదాన్ని పాటించడం పరిపాటి. కొత్తగా వెలువడిన రచనను పాఠకులకు పరిచయం చేస్తూ దాని మంచిచెడ్డలను క్లుప్తంగా చెప్పేది సమీక్ష. రచన స్వరూప స్వభావాలను లోతుగా వివేచించేది విమర్శ. గేమ్ పత్రికలలో వచ్చేవి ప్రధానంగా సమీక్షలే. కొనవచ్చునా కూడదా అనే ప్రశ్నకు సమాధానం చెప్పడం వాటి ప్రథమ బాధ్యత. కానీ ఉత్తమ సమీక్షకులు ఆ బాధ్యతను నెరవేరుస్తూనే విమర్శ కూడా చేస్తారు. రేటింగ్ మాత్రం మొదటి బాధ్యతకే ఉపయోగపడుతుంది.

3. గేమ్ సమీక్ష ఆవిర్భావం

ఇంటి టెలివిజన్‌కు తగిలించి ఆడుకునే యంత్రాలు 1970ల నుంచి అమెరికా మార్కెట్టులో ఉన్నాయి. 1977లో వచ్చిన అటారీ వీసీఎస్ యంత్రంతో క్యాట్రిడ్జ్‌లు మార్చి వేర్వేరు గేమ్‌లు ఆడే పద్ధతి విస్తరించింది. యంత్రం ఒకటి, గేమ్‌లు అనేకం కావడంతో ఏది కొనాలో చెప్పేవారి అవసరం ఏర్పడింది. 1970ల చివరిలో వీడియో అనే పత్రికలో ఆర్నీ కాట్జ్, బిల్ కుంకెల్ నిర్వహించిన 'ఆర్కేడ్ ఆలీ' శీర్షిక తొలితరం గేమ్ సమీక్షలకు వేదికైంది. వీరిద్దరూ జాయిస్ వర్లీతో కలిసి 1981లో ఎలక్ట్రానిక్ గేమ్స్ పత్రికను ప్రారంభించారు. అదే సంవత్సరం బ్రిటన్‌లో కంప్యూటర్ అండ్ వీడియో గేమ్స్ పత్రిక వెలువడింది.

1983లో అమెరికా గేమ్ మార్కెట్టు కుప్పకూలింది. నాసిరకం గేమ్‌లు అంగళ్లలో పేరుకుపోయి, కొనుగోలుదారులు నమ్మకం కోల్పోవడం అందుకు ఒక కారణం. తరువాత అమెరికాలో ప్రవేశించిన నింటెండో తన యంత్రానికి ఆమోదించిన గేమ్ పెట్టెలపై నాణ్యతా ముద్ర వేయించింది. 1988లో నింటెండో పవర్ అనే సొంత పత్రికను కూడా ప్రారంభించింది. తయారీదారే తన సరుకుకు ముద్ర వేయడం, తన పత్రికలోనే దానికి విలువ కట్టడం ఒక పద్ధతి. అంగడికి వెలుపల నిలిచి స్వతంత్రంగా విలువ కట్టడం మరొక పద్ధతి. గేమ్ సమీక్ష మొదటినుంచీ ఈ రెండింటి మధ్య నడుస్తూ వచ్చింది. సమీక్షకు కావలసిన ప్రతి విడుదలకు ముందే ప్రచురణసంస్థ నుంచి రావాలి. పత్రిక నడవడానికి కావలసిన ప్రకటనలు కూడా ఎక్కువగా ఆ సంస్థలనుంచే రావాలి. ఈ ఇరకాటం నేటికీ తొలగలేదు.

4. నలుగురు సమీక్షకులు, 40 మార్కులు: ఫామిట్సు పద్ధతి

జపాన్‌లో 1986లో ఫామికామ్ సూషిన్ పేరుతో ఒక పత్రిక మొదలైంది. ఫామిట్సుగా ప్రసిద్ధి పొందిన ఈ పత్రిక ప్రవేశపెట్టిన 'క్రాస్ రివ్యూ' పద్ధతి గేమ్ రేటింగుల చరిత్రలో ముఖ్యమైనది. ఒక్కొక్క గేమ్‌ను నలుగురు సమీక్షకులు విడివిడిగా ఆడతారు. ఒక్కొక్కరు పదికి ఇన్ని అని మార్కులు వేసి, కొద్ది వాక్యాలలో తమ అభిప్రాయం రాస్తారు. నాలుగు అంకెలను కూడితే వచ్చే మొత్తం గరిష్ఠంగా 40. 1998లో వెలువడిన 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా: ఒకరీనా ఆఫ్ టైమ్' మొట్టమొదట 40కి 40 సాధించింది. మరుసటి ఏడాది 'సోల్‌క్యాలిబర్' ఆ ఘనతను అందుకుంది. పత్రిక మొదలైన నాటినుంచి పన్నెండేళ్లపాటు ఏ గేమ్‌కూ దక్కని పూర్తి మార్కులు తరువాతి కాలంలో మరికొన్నింటికి దక్కాయి.

ఈ పద్ధతిలో గమనించవలసింది మొత్తం ఎంత అన్నది కాదు, ఆ మొత్తం ముద్రితమయ్యే తీరు. పుటలో నాలుగు పేర్లు, నాలుగు అభిప్రాయాలు, నాలుగు అంకెలు పక్కపక్కనే ఉంటాయి. ఒకరు 9, మరొకరు 6 వేస్తే ఆ భేదం పాఠకునికి కనిపిస్తుంది. 9, 9, 6, 6 వచ్చిన గేమూ 8, 8, 7, 7 వచ్చిన గేమూ మొత్తంలో సమానమే. రెండింటికీ వచ్చేది 30. కానీ మొదటిది అభిరుచులను చీల్చిన గేమ్. రెండవది అందరికీ ఓ మోస్తరుగా నచ్చిన గేమ్. ఏ సమీక్షకుని అభిరుచి తనకు దగ్గరో తెలిసిన పాఠకుడు ఆ ఒక్క అంకెనే చూసుకుని నిర్ణయం తీసుకోగలడు.

అమెరికాలో ఎలక్ట్రానిక్ గేమింగ్ మంత్లీ పత్రిక కూడా నలుగురు సమీక్షకుల పద్ధతిని అనుసరించింది. బ్రిటన్‌లో 1993లో మొదలైన ఎడ్జ్ భిన్నమైన దారి పట్టింది. అందులో సమీక్ష సంపాదకవర్గం మాటగా, సమీక్షకుని పేరు లేకుండా, సుదీర్ఘ వ్యాసంగా ఉండి, చివర పదికి ఒక అంకెతో ముగుస్తుంది. మార్కులు వేయడంలో కఠినమైనదిగా పేరుపొందిన ఈ పత్రిక మొదటిసారి పదికి పది ఇచ్చింది 1996లో, 'సూపర్ మారియో 64' గేమ్‌కు.

ఫామిట్సులో అంకె వెనుక వ్యక్తి కనిపిస్తాడు. ఎడ్జ్‌లో వ్యక్తి కనిపించకపోయినా వాదన కనిపిస్తుంది. తరువాత వచ్చిన వ్యవస్థలో ఈ రెండూ వెనక్కు జరిగాయి.

5. సగటు స్కోరు: మెటాక్రిటిక్

2001 జనవరిలో ప్రారంభమైన మెటాక్రిటిక్ సొంతంగా సమీక్షలు రాయదు. వివిధ పత్రికల సమీక్షల స్కోర్లను సేకరించి, ఒక్కొక్కదానిని 100కు మార్చి, వాటి సగటును మెటాస్కోర్ పేరుతో ప్రకటిస్తుంది. అంతకు ముందే 1999లో మొదలైన గేమ్‌ర్యాంకింగ్స్ ఇటువంటి పనే చేసి 2019లో మూతపడింది. పదుల సంఖ్యలో సమీక్షలను ఒకేచోట చూపడం, ఒక పత్రిక పక్షపాతాన్ని మరికొన్ని పత్రికల అభిప్రాయంతో సరిచూసుకునే వీలు కల్పించడం ఈ పద్ధతివల్ల కలిగిన మేలు. ప్రకటనల ఒత్తిడికి ఒక పత్రిక లొంగినా పాఠకుడు పూర్తిగా మోసపోడు. ఈ ప్రయోజనాన్ని తక్కువ చేయడానికి వీలు లేదు.

కానీ ఈ సగటు కొన్ని ఊహల మీద నిలబడింది.

5.1 కొలతబద్దల భేదం

ఒక పత్రిక 5 నక్షత్రాలకు మార్కులు వేస్తుంది. మరొకటి 10కి, ఇంకొకటి 100కు వేస్తుంది. 5కు 3 నక్షత్రాలు అంటే ఆ పత్రిక దృష్టిలో 'ఫరవాలేదు, చూడవచ్చు' అని కావచ్చు. దానిని 100కు మార్చినప్పుడు 60 అవుతుంది. 100 మార్కుల కొలత వాడే గేమ్ పత్రికలో 60 అంటే దాదాపు విఫలమైన గేమ్. లెక్కప్రకారం మార్పిడి సరైనదే అయినా అర్థం మారిపోయింది.

పైగా మెటాస్కోర్ సాధారణ సగటు కాదు. కొన్ని పత్రికలకు ఎక్కువ, కొన్నింటికి తక్కువ ప్రాధాన్యం ఇచ్చి లెక్కించే భారిత సగటు. ఏ పత్రికకు ఎంత భారం అన్నది ఆ సంస్థ బయటపెట్టదు. 2013లో ఒక అమెరికన్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు ఆ భారాలను అంచనావేసి ప్రకటించగా, ఆ అంచనా సరికాదని సంస్థ ఖండించింది. కానీ అసలు భారాలను వెల్లడించలేదు.

సమీక్షల సంఖ్య కూడా సగటు అర్థాన్ని మారుస్తుంది. మెటాక్రిటిక్‌లో అత్యధిక స్కోరు 'ఒకరీనా ఆఫ్ టైమ్'కు వచ్చిన 99. అది ఇరవైకి కాస్త మించిన సమీక్షల సగటు. ఇటీవలి పెద్ద గేమ్‌లకు వంద దాటిన సమీక్షలుంటున్నాయి. సంఖ్య పెరిగేకొద్దీ భిన్నాభిప్రాయం ఒక్కటైనా వచ్చే అవకాశం పెరుగుతుంది కాబట్టి ఆ రెండు కాలాల స్కోర్లను పక్కపక్కన పెట్టి పోల్చడం సమంజసం కాదు.

5.2 70 మార్కులకు అర్థం

తెలుగు రాష్ట్రాలలో చదువుకున్నవారికి 35 అంటే సాధారణంగా ఉత్తీర్ణత, 60 అంటే ప్రథమ శ్రేణి. అందువల్ల 70 మార్కులు వచ్చిన గేమ్ మంచిదే అయి ఉంటుందని ఇక్కడి పాఠకుడు భావించడం సహజం. అమెరికా పాఠశాలల్లో సాధారణంగా 60కి తగ్గితే తప్పినట్టు లెక్క, 70ల్లో ఉంటే మధ్యస్థం. గేమ్ పత్రికల మార్కులు ఈ రెండవ సంప్రదాయానికి దగ్గరగా ఉంటాయి. 100 వరకూ కొలత ఉన్నా ఎక్కువ గేమ్‌లు 70కీ 90కీ మధ్యనే సర్దుకుంటాయి. బొత్తిగా నాసిరకం గేమ్‌లను పత్రికలు సమీక్షకు ఎంచుకోకపోవడం కూడా ఇందుకు ఒక కారణం.

ఈ భేదం మెటాక్రిటిక్‌కు తెలియనిది కాదు. ఆ వ్యవస్థలో ఆకుపచ్చ రంగు అనుకూల స్పందనకు, పసుపు మిశ్రమ స్పందనకు, ఎరుపు ప్రతికూల స్పందనకు గుర్తు. సినిమాకు 61 వస్తే ఆకుపచ్చ. గేమ్‌కు 75 వస్తేనే ఆకుపచ్చ. అంటే 65 మార్కులు వచ్చిన సినిమా ఆకుపచ్చ గడిలోనూ, అవే మార్కులు వచ్చిన గేమ్ పసుపు గడిలోనూ ఉంటాయి. ఒకే అంకెకు రెండు విలువలున్నాయని సంస్థే అంగీకరించినట్టయింది. కళారూపాన్ని బట్టి అంకె అర్థం మారుతుందని ఒప్పుకున్నప్పుడు, పత్రికను బట్టి, సమీక్షకుని బట్టి కూడా మారుతుందని ఒప్పుకోవలసి ఉంటుంది. సగటు ఆ సంగతిని పట్టించుకోదు.

6. అంకె మీద ఆధారపడిన జీవనాలు

సగటు స్కోరు పాఠకునికి మార్గదర్శకంగా మొదలై, కాలక్రమంలో వ్యాపార ఒప్పందాలలో కొలమానంగా మారింది. 'ఫాలౌట్: న్యూ వేగాస్' ఇందుకు తరచుగా ఉదహరించే దృష్టాంతం. అబ్సిడియన్ ఎంటర్‌టైన్‌మెంట్ నిర్మించిన ఈ గేమ్‌ను బెథెస్డా సంస్థ 2010 అక్టోబరులో విడుదల చేసింది. ఒప్పందం ప్రకారం నిర్మాణసంస్థకు అమ్మకాలలో వాటా లేదని, మెటాక్రిటిక్‌లో 85 వస్తే మాత్రం అదనపు పారితోషికం దక్కేదని, అది ఒక్క మార్కుతో తప్పిపోయిందని ఆ సంస్థ ప్రముఖులలో ఒకరైన క్రిస్ అవెలోన్ 2012 మార్చిలో వెల్లడించారు. ఆ గేమ్‌కు వచ్చింది 84.

ఈ ఒక్క మార్కు ఎలా తగ్గిందని వెతికితే విమర్శకులెవరూ దానికి బాధ్యులుగా కనిపించరు. ఎవరికి వారు తమకు తోచిన అంకె వేశారు. తాము వేసే అంకె ఒక కార్యాలయంలో పనిచేసేవారి రాబడిని నిర్ణయిస్తుందని తెలిసి ఉంటే దానిని మార్చేవారా, మార్చడం ధర్మమా అన్నది వేరే చర్చ. సమీక్ష పాఠకునికోసం రాసినది. దానిని జీతభత్యాల కొలమానంగా వాడుకున్నది ఒప్పందం. విడుదలైనప్పుడు ఈ గేమ్‌లో సాంకేతిక లోపాలు ఎక్కువగా ఉన్నాయని అనేక సమీక్షలు చెప్పాయి. కథనం, పాత్రచిత్రణల విషయంలో దానికి దక్కిన గౌరవం మాత్రం ఏళ్లు గడిచేకొద్దీ పెరిగింది. 84 అనే అంకెలో లోపాలకు ఎంత కోతపడిందో, కథనానికి ఎంత విలువ దక్కిందో విడదీసి చూడలేం. సమీక్షల పాఠంలో ఆ వివరం ఉంది.

ఒత్తిడి ఎదురుదిశలో కూడా పనిచేస్తుంది. 2007 నవంబరులో గేమ్‌స్పాట్ ఎడిటోరియల్ డైరెక్టర్ జెఫ్ గెర్స్ట్‌మన్‌ను ఆ సంస్థ ఉద్యోగం నుంచి తొలగించింది. 'కేన్ అండ్ లించ్: డెడ్ మెన్' గేమ్‌కు ఆయన 10కి 6 ఇచ్చిన కొద్దికాలానికే ఇది జరిగింది. అదే సమయంలో ఆ గేమ్ ప్రకటనలు ఆ స్థలంలో భారీగా ఉన్నాయి. ప్రకటనదారుల ఒత్తిడి కారణమన్న మాటను సంస్థ అప్పట్లో ఖండించింది. అటువంటి ఒత్తిడి ఉన్నదని 2012లో గెర్స్ట్‌మన్ స్వయంగా వివరించారు. ఆ సమీక్షలో ఆయన చెప్పిన మాటలకన్నా 6 అనే అంకె ఎక్కువమంది దృష్టిలో పడింది. వాక్యాన్ని పలువిధాలుగా వ్యాఖ్యానించుకోవచ్చు. అంకెకు ఆ వెసులుబాటు లేదు. ఒత్తిడి అంకె మీదనే కేంద్రీకృతం కావడానికి కారణం ఇదే.

7. యంత్రం, సమయం: 'సైబర్‌పంక్ 2077' అనుభవం

పుస్తకం అచ్చయ్యాక ప్రతులన్నీ ఒకటే. సినిమా ఏ ఊరి థియేటర్లో చూసినా సన్నివేశాలు మారవు. కన్సోల్ గేమ్‌కు ఈ స్థిరత్వం లేదు. ఒకే గేమ్ వేర్వేరు యంత్రాలమీద వేర్వేరుగా నడుస్తుంది. విడుదలైన తరువాత కూడా మరమ్మతులతో, చేర్పులతో మారుతూ ఉంటుంది. అందువల్ల సమీక్షకుడు ఏ యంత్రంమీద, ఎప్పుడు ఆడాడు అన్నది తీర్పులో భాగం.

పోలండ్‌కు చెందిన సీడీ ప్రాజెక్ట్ సంస్థ రూపొందించిన 'సైబర్‌పంక్ 2077' 2020 డిసెంబరు 10న విడుదలైంది. మూడు రోజుల ముందే సమీక్షలు వెలువడ్డాయి. అప్పటికి సమీక్షకులకు అందినవి కంప్యూటర్ ప్రతులు మాత్రమే. తాము ఆడిన దృశ్యాలను ముందుగా చూపడానికి వారికి అనుమతి లేదు. ఆ తొలి సమీక్షల సగటు 90 దరిదాపుల్లో ఉంది. విడుదలకు ముందే దాదాపు 80 లక్షల ప్రతులు అమ్ముడయ్యాయని సంస్థ ప్రకటించింది. ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ యంత్రాల మీద ఆడేవారికి మాత్రం పూర్తిగా వేరే గేమ్ ఎదురైంది. దృశ్యాలు తడబడడం, ఆట మధ్యలో ఆగిపోవడం సర్వసాధారణమయ్యాయి. పాత కన్సోళ్లమీద గేమ్ ఎలా ఉంటుందో ముందుగా చూపనందుకు సంస్థ క్షమాపణ చెప్పింది. సోనీ సంస్థ డిసెంబరు 17న తన దుకాణం నుంచి గేమ్‌ను తొలగిస్తున్నట్టు ప్రకటించి, కొన్నవారికి డబ్బు తిరిగి ఇవ్వడానికి సిద్ధపడింది. 2021 జూన్ 21న గాని ఆ గేమ్ మళ్లీ ఆ దుకాణంలోకి రాలేదు.

మెటాక్రిటిక్‌లో ఈ గేమ్ కంప్యూటర్ ప్రతికి 86, ఎక్స్‌బాక్స్ వన్ ప్రతికి 61, ప్లేస్టేషన్ 4 ప్రతికి 57 స్కోర్లు నమోదయ్యాయి. యంత్రాలవారీగా స్కోరు విడివిడిగా చూపడం ఈ వ్యవస్థలోని మంచి లక్షణమే. కానీ కొనుగోలుదారు నిర్ణయం తీసుకునే సమయానికి ఉన్నది మొదటి అంకె ఒక్కటే. మిగిలిన రెండూ నష్టం జరిగాక వచ్చాయి. తొలి సమీక్షలు అబద్ధాలు కావు. సమీక్షకులు తాము ఆడిన యంత్రం గురించి నిజమే రాశారు. కంప్యూటర్ ప్రతినే ఆడామని స్పష్టంగా చెప్పినవారూ ఉన్నారు. ఆ షరతు వాక్యంలో ఉండిపోయింది. అంకె మాత్రం షరతు లేకుండా ప్రయాణించింది.

ఈ ఉదంతంలో మరొక కోణం ఉంది. నిర్మాణసంస్థలో ఉద్యోగుల అదనపు పారితోషికం మెటాక్రిటిక్‌లో 90 సాధించడంతో ముడిపడి ఉండేదని, వివాదం తరువాత ఆ షరతును ఎత్తివేశారని బ్లూమ్‌బెర్గ్ వార్తాసంస్థ తెలిపింది. న్యూ వేగాస్ విషయంలో కనిపించిన ముడి పదేళ్ల తరువాత కూడా సడలలేదని దీనివల్ల తెలుస్తోంది.

సమయం విషయంలో సమస్య ఇంకా జటిలం. ఒక పత్రిక తరువాత తన స్కోరు సవరించుకున్నా మెటాక్రిటిక్ మొదట ప్రచురించిన దానినే లెక్కలోకి తీసుకుంటుంది. స్కోరు మార్పించడానికి ప్రచురణసంస్థలు పత్రికలపై ఒత్తిడి తేకుండా ఉండడానికి ఈ నియమం తోడ్పడుతుంది. కానీ దానివల్ల మారుతూ ఉండే వస్తువుకు మారని విలువ నిలిచిపోతుంది. 2016 ఆగస్టులో వెలువడిన 'నో మాన్స్ స్కై' ప్లేస్టేషన్ 4 ప్రతికి 71 వచ్చింది. తరువాతి ఏళ్లలో ఉచిత నవీకరణలతో ఆ గేమ్ గుర్తుపట్టలేనంతగా విస్తరించింది. ఆ పాత స్కోరు 2016 నాటి గేమ్‌కు సంబంధించినది. ఆ గేమ్‌ను ఆ రూపంలో ఇప్పుడు కొనే అవకాశం లేదు.

8. ఆటగాళ్ల స్కోరు

విమర్శకుల తీర్పుకు ప్రత్యామ్నాయంగా సామాన్య ఆటగాళ్ల స్కోరును పరిగణించాలన్న వాదం ఉంది. 2020 జూన్ 19న విడుదలైన 'ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2' విషయంలో ఈ వాదం పరీక్షకు నిలిచింది. విమర్శకుల సగటు 93. ఆటగాళ్ల సగటు తొలి రోజుల్లో 10కి 4 కన్నా తక్కువ. పూర్తిచేయడానికి సుమారు పాతిక గంటలు పట్టే ఆ గేమ్‌కు విడుదలైన కొద్ది గంటల్లోనే వేల సంఖ్యలో ప్రతికూల స్కోర్లు వచ్చాయి. ముందుగా బయటికి పొక్కిన కథాంశాల మీద, పాత్రల మీద ఉన్న వ్యతిరేకతే వాటిలో చాలావాటికి ఆధారం. ఆ తరువాత మెటాక్రిటిక్ విడుదలైన 36 గంటల వరకు ఆటగాళ్ల స్కోర్లను స్వీకరించకుండా నియమం పెట్టింది.

భారతీయ అలంకారశాస్త్రం రసాస్వాదనకు సహృదయత్వాన్ని అర్హతగా పేర్కొంది. సహృదయుడు మెచ్చుకునేవాడే కానక్కరలేదు, కానీ కృతికి మనసు అప్పగించినవాడై ఉండాలి. గేమ్ విషయంలో ఈ అర్హత మరింత అవసరం. ఆటగాని చేతిలో తప్ప గేమ్ పూర్తికాదు. ఆడకుండా వేసిన 0, ఆడకుండా వేసిన 10 రెండూ ఆస్వాదన నుంచి పుట్టినవి కావు. సగటులో మాత్రం అవి ఆడి వేసిన మార్కులతో సమానంగా నిలుస్తాయి.

9. అంకె లేని సమీక్ష: ప్రయత్నాలు, ఫలితాలు

రేటింగుల మీద అసంతృప్తితో కొన్ని పత్రికలు వాటిని విడిచిపెట్టాయి. బ్రిటన్‌కు చెందిన యూరోగేమర్ 2015లో పది మార్కుల పద్ధతికి స్వస్తి చెప్పి, తప్పనిసరి, సిఫారసు చేయదగినది, దూరంగా ఉంచదగినది అనే అర్థాలున్న మూడు ముద్రలతో సరిపెట్టుకుంది. ఏ ముద్రా లేని సమీక్షలు కూడా ప్రచురించింది. అమెరికాకు చెందిన పాలిగాన్ 2018లో స్కోర్లు మానుకుంది. అయితే యూరోగేమర్ 2023లో 5 నక్షత్రాల రేటింగును తిరిగి ప్రవేశపెట్టింది. సమీక్ష చదివే ఓపిక, తీరిక లేని పాఠకుడు ఉన్నంతకాలం అంకెకు అవసరం ఉంటుందని ఈ పునరాగమనం సూచిస్తోంది.

2015లో మొదలైన ఓపెన్‌క్రిటిక్ మధ్యేమార్గాన్ని ఎంచుకుంది. ఏ పత్రికకూ అదనపు భారం లేని సాధారణ సగటును ప్రకటిస్తుంది. గేమ్‌ను సిఫారసు చేసిన విమర్శకుల శాతాన్ని వేరుగా చూపుతుంది. ప్రతి విమర్శకునికీ విడిగా పుట ఉంటుంది. కాబట్టి పాఠకుడు తన అభిరుచికి దగ్గరైన విమర్శకులను గుర్తించి, వారి మాటను అనుసరించవచ్చు. ఫామిట్సు పుటలో నలుగురి పేర్లు పక్కపక్కనే ముద్రించినప్పుడు ఉన్న సౌలభ్యాన్ని ఇది కొంతవరకు తిరిగి తెచ్చింది.

10. ముగింపు

పై పరిశీలన ద్వారా తేలిన అంశాలు ఇవి:

1. కన్సోల్ గేమ్ రేటింగ్ కొనుగోలుదారుని న్యాయమైన అవసరం నుంచి పుట్టింది. దానిని అనవసరమైనదిగా కొట్టివేయడం సరికాదు.

2. ఫామిట్సు వంటి తొలినాటి పద్ధతులలో అంకె వెనుక ఉన్న వ్యక్తి పాఠకునికి కనిపించేవాడు. సగటు స్కోరు పద్ధతిలో వ్యక్తిభేదాలు కలిసిపోయి, భిన్నాభిప్రాయానికి చోటు తగ్గింది.

3. ఒకే అంకెకు కళారూపాన్ని బట్టి, పత్రికను బట్టి, విద్యాసంప్రదాయాన్ని బట్టి అర్థం మారుతుంది. లెక్కలో కుదిరిన మార్పిడి అర్థంలో కుదరకపోవచ్చు.

4. గేమ్ యంత్రాన్ని బట్టి, కాలాన్ని బట్టి మారే వస్తువు. ఈ రెండింటినీ చెప్పని స్కోరు, విమర్శకుడు నిజాయితీగా వేసినదైనా, కొనేవారిని తప్పుదారి పట్టించగలదు.

5. స్కోరును ఒప్పందాలకు ముడివేయడంవల్ల పాఠకునికోసం ఏర్పడిన సాధనం నిర్మాణంలో పాల్గొన్నవారి ఆదాయాన్ని నిర్ణయించే స్థితికి చేరింది. విమర్శకునిపై ఒత్తిడి పెరగడానికి ఇది ఒక ప్రధాన కారణం.

రేటింగ్ ఉండాలా వద్దా అన్న చర్చకన్నా, రేటింగ్ పక్కన ఏమి ఉండాలి అన్న చర్చ ప్రయోజనకరమైనది. ఎవరు ఆడారు, ఏ యంత్రంమీద ఆడారు, ఎప్పుడు, ఎన్ని గంటలు ఆడారు అనే నాలుగు వివరాలను అంకె పక్కనే ముద్రిస్తే చాలావరకు అపోహలు తొలగుతాయి. తెలుగు సినిమా సమీక్షకు కూడా ఈ చర్చ వర్తిస్తుంది. పావు మార్కుల తేడాతో తీర్పులు వెలువడుతున్న రంగంలో ఆ పావు మార్కు దేనికి కోశారో చెప్పే వాక్యం సమీక్షలో ఉందా లేదా అని పాఠకుడు అడగవచ్చు. ఆ వాక్యం ఉన్నప్పుడే అంకె విమర్శకు గుర్తుగా నిలుస్తుంది.